దీనికి చేసేదేం లేదండి

మొన్న జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కాను. పక్క సీట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్లో ఫిజిక్స్ పాఠం పెట్టుకుంది. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, అందరికీ వినిపిస్తోంది. తెర మీద తెల్ల కాగితం, ఒక చెయ్యి, నీలం పెన్ను. "ఇప్పుడు కిరణం ఇట్లా వచ్చి పడిందనుకోండి. ఎటు పోతుంది? ఆగండి, చెప్పొద్దు. ముందు ఆలోచించండి" అంటోంది ఒక గొంతు.

ఆ గొంతు మా బావది.

"సారు బాగా చెప్తారామ్మా?" అని అడిగాను.

"సూపర్‌గా చెప్తారండి. మొహమే చూపించరు. ఒక్కసారి కనపడండి సార్ అని మేమందరం కామెంట్లు కూడా పెట్టాం."

చిల్లకల్లు దాటేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ కామెంట్లు చదివి మా బావ ఏమనుకుని ఉంటాడో నాకు తెలుసు. పాఠం నచ్చి, చెప్పిన మనిషిని చూడాలనిపించి అడిగారని మాత్రం అనుకోడు. "అందరూ కట్టకట్టుకుని అడుగుతున్నారంటే ఎవరో వీళ్ళకి చెప్పేశారు" అనుకుంటాడు. ఏం చెప్పేశారు? ఆయన ముక్కు సంగతి.

ఆ ముక్కు కోటేరు ముక్కు కాదు, చప్పిడి ముక్కూ కాదు. ముక్కులాగా ఉంటుంది. ఆయన్ని రోజూ చూసేవాళ్ళని పిలిచి అదెలా ఉంటుందో చెప్పమంటే తడుముకుంటారు. మా బావ మటుకు అది కుడివైపుకి ఒరిగిందనీ, కొస ఉబ్బిందనీ, ఎదుటివాళ్ళ కళ్ళు ముందు అక్కడికే వెళతాయనీ నమ్ముతాడు. అందగాణ్ణి కావాలన్న ఆశ ఆయనకి ఏ కోశానా లేదు. ఎవరి కంటికీ ఆనకుండా, గుంపులో ఒకడిగా ఉంటే చాలనుకుంటాడు. అసలు విడ్డూరం ఇదే: ఆయన గుంపులో ఒకడిగానే ఉన్నాడు. ఆ మాట ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

మా మామయ్యకి జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. బిందెలు, గరిటెలు, డబ్బాలు, పళ్ళేలు. ఎటు తిరిగినా మన ముఖమే కనిపిస్తుంది, ఒక్కోదాంట్లో ఒక్కో వంకరలో. గరిటె వెనకవైపు చూస్తే ఎవరికైనా ముక్కు వంకాయంత ఉంటుంది. చిన్నప్పటినుంచీ ఆ కొట్లో కూర్చోబట్టే వీడికి ఈ పిచ్చి పట్టుకుందని మా అత్తయ్య అంటుంది. నేను ఒప్పుకోను. అదే కొట్లో పెరిగిన మా చిన్నబావ ఇప్పటికీ క్యారేజీ మూతలో చూసుకుని తల దువ్వుకుంటాడు.

మా బావ నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసేవాడు. నాది సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిచూసే పని. ఫ్యాక్టరీ బస్సు నందిగామ దాకా వస్తుంది కాబట్టి ఇద్దరం అక్కడే ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. అలా ఆయన తీరు దగ్గరగా చూశాను. బస్సులో ఎప్పుడూ వెనక సీట్లో, కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటాడు. ఆ సీటు దొరక్కపోతే బస్సు వదిలేస్తాడు. పెళ్ళిలో ఫోటో తీస్తుంటే ఎవరి పిల్లనో చంకకెత్తుకుంటాడు, పిల్ల తల సరిగ్గా తన ముఖానికి అడ్డం వచ్చేటట్టు. బండి దిగినా హెల్మెట్ తియ్యడు. కూరగాయల బజార్లో హెల్మెట్‌తోనే టమాటాలు ఏరుతుంటే అమ్మే ఆమె "ఏం బాబూ, నా టమాటాలు నీ నెత్తిన పడతాయనా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా బావ సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాడు.

నవ్వితే వెక్కిరింత. ఆయన రాగానే నవ్వు ఆపేస్తే అంతవరకూ తన గురించే నవ్వుకుంటున్నారు. అసలు నవ్వకపోతే జాలి. తేరిపార చూస్తే ముక్కును చూస్తున్నారు, చూపు తిప్పుకుంటే చూడలేకపోతున్నారు. మా ఫ్యాక్టరీలో ఏ పీడనం పెట్టినా ఒకే అంకె చూపించే గేజి ఉంటే దాన్ని ముల్లు ఇరుక్కుపోయిందని పక్కన పడేస్తాం. మనిషిని ఎక్కడ పడేస్తాం?

పైగా తెలుగులో ముక్కు లేకుండా నాలుగు మాటలు మాట్లాడ్డం ఎంత కష్టమో ఆయనతో కాపురముంటే గానీ తెలీదు. ఫీజుల గుమాస్తా "ముక్కుపిండి వసూలు చేస్తాం సార్" అన్నాడని ఒకరోజు అన్నం సరిగా తినలేదు. ఇంటి ఓనరు "మీ బావకి ముక్కుమీదే ఉంటుంది కోపం" అంది. "కోపం గురించి బావా ఆవిడ అంది" అని నేను ఎంత చెప్పినా, "కోపానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?" అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ముక్కున పట్టిన పాఠాలు, ముక్కుదాకా తిన్న భోజనాలు, వీటన్నిటినీ నా మాటల్లోంచి ఏరి పారేశాను. ప్రిన్సిపాల్ ఒకసారి స్టాఫ్ మీటింగులో అందరి ముందూ "మా ఫిజిక్స్ సారు ముక్కుసూటి మనిషి" అని మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం మా బావ రాజీనామా రాసుకున్నాడు. చించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మా వైపు బావాబామ్మర్దులు ఒకరినొకరు ఏమన్నా అనుకోవచ్చు. బట్టతల, బానపొట్ట, నడక, పందిట్లో పదిమంది ముందు ఏది ఎత్తినా ఎవరూ తప్పు పట్టరు. అనకపోతేనే "ఏంట్రా, మీ ఇద్దరికీ మాటల్లేవా?" అని అడుగుతారు. నాకు ఆ హక్కు ఉండి కూడా మా బావ ముఖం జోలికి ఎన్నడూ పోలేదు. ఒకరోజు ఆయనే కదిపాడు.

"చిన్నాణ్ణి అన్ని మాటలంటావు, నన్ను ఒక్కటీ అనవేంట్రా?"

"నిన్ను అనడానికేముంది బావా?"

"ఏమీ లేకపోతే ఏదో ఒకటి కల్పించయినా అంటారు. నువ్వు నోరెత్తట్లేదంటే, అనకూడనంతగా ఉందన్నమాట."

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. కొలిచిన దాన్ని కాదనలేడు కదా అని, వెర్నియర్ కాలిపర్ తెచ్చి, కిటికీ దగ్గర స్టూలేసి కూర్చోబెట్టి, ఒక్కో కంటి కొస నుంచి ముక్కు మధ్యకి దూరం కొలిచాను. రెండువైపులా చూపించాను. తేడా వెంట్రుక మందం కూడా లేదు.

"చూడు బావా. నువ్వే చూడు."

మా బావ అంకెలు రెండుసార్లు చదివాడు. ఫిజిక్స్ చెప్పే మనిషి, కొలత ఎలా చదవాలో తెలుసు. "అయితే తేడా ఉందన్నమాట" అన్నాడు.

"ఎవరికైనా అంత ఉంటుంది!"

"సరే, ఉంటుందనుకో. చక్కగా ఉన్నదాన్ని ఎవరైనా కొలుస్తారట్రా? నీకు అనుమానం వచ్చింది కాబట్టి కొలిచావు."

కాలిపర్ పెట్టెలో పెట్టేశాను. మళ్ళీ ఆయన ముఖం దగ్గరికి ఏ పరికరమూ తీసుకెళ్ళలేదు.

మాస్కులు పెట్టుకున్న రోజుల్లో మాత్రం ఊరంతా హడలిపోతుంటే మా బావ ఒక్కడే హాయిగా ఉన్నాడు. బజారంతా తిరిగేవాడు. బస్సులో ముందు సీట్లో కూర్చునేవాడు. అప్పుడే వాళ్ళ కాలేజీలో బోటనీ చెప్పడానికి ఒకావిడ చేరింది. పిల్లలు బోటనీ మేడమ్ అనేవారు, ఇంట్లో మేమూ అలాగే అన్నాం. మా బావ జోకులేస్తాడని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. మాస్కు వెనక ఆయన అంత మాటకారి. ఆవిడకి నచ్చాడు. ఆయనకీ నచ్చింది.

కాలేజీలో మాస్కులు తీసిన రోజు ఆవిడ మా బావని చూసి "ఓ!" అంది. ఆ ఒక్క అక్షరంతో వారం రోజులు నా ప్రాణం తీశాడు. "ఓ అంటే ఏంట్రా? ఓహో అనా, అయ్యో అనా?" చివరికి నేనే వెళ్ళి ఆవిడని అడిగాను. ఆవిడ పగలబడి నవ్వింది. "మీసం ఉందని అనుకోలేదండి. మాస్కు చూసి మీసం లేదనుకున్నా. అంతే!" ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా బావ కాసేపు ఆలోచించి, "మీసం దేని కింద ఉంటుంది?" అన్నాడు.

అయినా ఆవిడ పట్టు వదల్లేదు. రెండు ఇళ్ళవాళ్ళూ మాట్లాడుకున్నారు. వైశాఖంలో తాంబూలాలు పుచ్చుకున్నారు, శ్రావణంలో పెళ్ళన్నారు. మా అత్తయ్య ఆనందానికి హద్దు లేదు. "ఇది గాని తప్పిపోతే వాడింక ఎవరికీ ముఖం చూపించడురా, నువ్వు కాస్త కనిపెట్టి ఉండు" అని నాకు అప్పగించింది. కనిపెట్టి ఉన్నాను. ఆషాఢం ఇంకా రాకముందే గొడవ మొదలైంది.

పెళ్ళికూతురికి ముక్కుపుడక లేకపోతే ఎలా అని ఆవిడ అమ్మమ్మ పట్టుబట్టింది. ఆవిడ కుట్టించుకుంది. చోటు చీము పట్టి సలుపుతూ ఉండేది. నొప్పి పుట్టినప్పుడల్లా చెయ్యి ముక్కు దగ్గరికి పోయేది. కుట్టించుకున్నవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో మా బావకి ఎదురుగా కూర్చుని అలా చేసింది.

"నాతో మాట్లాడినంతసేపూ ముక్కు పట్టుకుంటోందిరా. నోటితో అనలేక చూపిస్తోంది."

"కొత్తగా కుట్టించుకుంది బావా. పుండు పడింది."

"ఇన్నేళ్ళు కుట్టించుకోనిది ఇప్పుడే ఎందుకు కుట్టించుకుంది? నా పక్కన నిలబడితే అందరూ తన ముక్కు చూస్తారని. నాది కప్పిపుచ్చుదామని."

నేను తలుపు చప్పుడయ్యేలా వేసి డ్యూటీకి వెళ్ళిపోయాను.

పెళ్ళికి ముందే ముక్కు సరి చేయించుకుంటానని మా బావ తీర్మానించాడు. విజయవాడలో ముక్కుకి ఆపరేషన్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పోనీ, తెలిసినవాడు చెబితే వింటాడేమోనని ఆశ. ఆ డాక్టరు లైటు వేసి చూశాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ నవ్వి, "దీనికి చేసేదేం లేదండి" అన్నాడు. తర్వాతి పేషెంటును పిలిచాడు.

నా గుండె కుదుటపడింది. మెట్లు దిగుతుంటే మా బావ ముఖం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది.

"విన్నావుగా" అన్నాడు. "చెయ్యి దాటిపోయింది."

"బావా! చెయ్యాల్సినంత జబ్బేం లేదని ఆయనన్నాడు!"

"అట్లా అయితే 'ఏమీ లేదు' అనేవాడు. 'చేసేదేం లేదు' అన్నాడు. తెలుగు రాదా నీకు?"

బస్సులో కూడా అదే వాదన. పరిటాల వచ్చేసరికి నేను ఆ వాక్యాన్ని ముక్కలు ముక్కలు చేసి అర్థం చెబుతున్నాను. ఆయన అవే ముక్కలు మళ్ళీ అతికించి నాకు అప్పజెబుతున్నాడు. కంచికచర్ల దాటింది. మా ముందు సీట్లో ముసలాయన ఒకాయన, ఒళ్ళో పచ్చిమిరప నారు మూట, చాలాసేపటి నుంచి వింటున్నట్టున్నాడు. వెనక్కి తిరిగాడు.

"డాక్టరు చేసేదేం లేదన్నాడా, బాబూ?"

"అన్నాడండి" అన్నాడు మా బావ.

"అయ్యో. ఎవరికి? అమ్మకా, నాన్నకా?"

ముక్కుకి అని ఎలా చెప్పను? కిటికీలోంచి బయటికి చూశాను.

"వాళ్ళ చేతుల్లో ఏముందిలే నాయనా. ఇంటికి తీసుకుపోయి, తినాలనుకున్నది పెట్టండి" అని ఓదార్చి ఆయన మళ్ళీ ముందుకి తిరిగాడు.

మా బావ నా వైపు చూశాడు. ఇంక ఆయన ఏమీ అనాల్సిన అవసరం లేదు. కీసర టోల్‌గేటు దగ్గర బస్సు ఆగితే దిగిపోదామా అనిపించింది నాకు. మర్నాడు ఆస్పత్రికి ఫోన్ చేసి, డాక్టరు గారు ఏ అర్థంలో అన్నారో కనుక్కోమని కాంపౌండర్ని బతిమాలాను. "డాక్టరు గారు ఒకసారి చెప్పాక ఇంక చేసేదేం లేదండి" అని పెట్టేశాడు.

ఆ తర్వాత మా బావ పెళ్ళి మానేద్దామన్నాడు. ఆవిడకి అన్యాయం చెయ్యడం ఇష్టం లేదట. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ముందు ఆవిడకి చెప్పాను. "మీ బావని తీసుకురండి, నేను మాట్లాడతా" అంది. ఒక ఆదివారం పొద్దున, నందిగామ బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో కలిశాం. మా బావ గోడవైపు కుర్చీ చూసుకున్నాడు. ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

ముక్కుకి పుడక లేదు. అది ఉన్నచోట చిన్న పక్కు కట్టి ఉంది.

"తీసేశానండి" అంది మా బావతో. "అమ్మమ్మ తిట్టింది. తిడితే తిట్టింది. చెయ్యి అటు పోతోందని మీకు బాధగా ఉందట కదా. ఇంక పోదు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంక ఈ గొడవ ముగిసింది అనుకున్నాను. మా బావ ఇడ్లీ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు:

"అంటే మీరూ గమనించారన్నమాట. లేకపోతే నా కోసం తీసెయ్యాల్సిన అవసరం ఏముంది?"

నేను నీళ్ళ గ్లాసు టేబుల్ మీద గట్టిగా కొట్టాను. పక్క టేబుల్ వాళ్ళు చూశారు. మా బావ ముఖం గోడకి తిప్పుకున్నాడు.

ఆవిడ కేకలెయ్యలేదు. "సరేనండి. పుడక తీసేశా. రేపు నాకు జలుబు చేస్తే?"

మా బావ ఇడ్లీని చెంచాతో చిదుముతున్నాడు.

"చెప్పండి. పడిశం పట్టి రోజంతా ముక్కు చీదుతూ కూర్చుంటే? మీరు ఏ ఊరెళ్ళిపోతారు?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మా బావకి మాత్రం నవ్వు రాలేదు. చెంచా పక్కన పెట్టి నోరు విప్పాడు. అది నేను ఆయన నోట అంతవరకూ వినని మాట.

"జలుబు అని నాకు తెలుస్తుందండి. అంత తెలియనివాణ్ణి కాదు. పుడక నొప్పి అని కూడా నాకు తెలుసు. వీడు కొలిచింది నిజమని తెలుసు. అన్నీ తెలుసు. తెలిశాక కూడా లోపల ఇంకోటి అంటూనే ఉంటుంది. దాని మాటే నమ్ముతా."

ఇన్నేళ్ళూ నేను ఆయనకి తెలియజెప్పడానికి తంటాలు పడ్డాను. తెలియకపోవడం ఆయన జబ్బు కాదు. కోపం ఎవరి మీద చూపించాలో నాకు తోచలేదు.

"అయితే దానికే డాక్టర్ని చూడండి" అంది ఆవిడ. "ముక్కు డాక్టర్ని కాదు."

"నాకు పిచ్చంటారా?"

"నాకు ముక్కుకి పుండైతే మందేసుకున్నా. మీకు పుండు లోపలుంది. అంతే తేడా. శ్రావణం దాకా నేను ఇంట్లో ఏమీ చెప్పను. మీరు వెళ్ళండి చాలు. తగ్గించుకుని రమ్మనట్లేదు, వెళ్ళమంటున్నా."

వెళ్ళాడు. విజయవాడలోనే, ఈసారి మానసిక వైద్యురాలి దగ్గరికి. ఆ డాక్టరమ్మ మా బావ ముక్కు వైపు చూడనే లేదు. "ఇద్దరు నవ్వారు అన్నది మీరు చూసింది. నన్ను చూసి నవ్వారు అన్నది మీరు కలుపుకున్నది. మనం ఈ రెండింటి మధ్య పని చేద్దాం" అంది. మా బావకి ఆ పద్ధతి నచ్చింది. చూసింది వేరు, తేల్చుకున్నది వేరు అని పిల్లలకి ప్రాక్టికల్స్‌లో తను చెప్పేదే. ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ క్లాసులో వెనక బెంచీ నవ్వింది. ఎందుకో నాకు తెలీదు" అన్నాడు. తెలీదు అన్న మాట ఆయన నోటి నుంచి వస్తే పండగ చేసుకోవాలనిపించింది.

తర్వాత ఒకరోజు ఆస్పత్రిలో చీట్లు రాసే కుర్రాడు మర్యాదగా లేచి నిలబడి, "రండి సార్, పోయినసారి వచ్చింది మీరే కదా, గుర్తుపట్టా" అన్నాడు.

"అంతమందిలో నన్నొక్కణ్ణే ఎట్లా గుర్తుపట్టాడు? దేన్ని బట్టి?" అని మా బావ అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాడు. ఇంక వెళ్ళలేదు. నేను అరిచాను, దండం పెట్టాను, మా అత్తయ్య చేత ఏడిపించాను. శ్రావణం వచ్చింది. మా బావే బోటనీ మేడమ్‌కి ఫోన్ చేసి పెళ్ళి వద్దని చెప్పేశాడు, నాలుగు ముక్కల్లో, మర్యాదగా. ఉద్యోగం కూడా మానేశాడు. హైదరాబాదులో ఎవరో పాఠాలు రికార్డు చేసి పెట్టేవాళ్ళున్నారట, ముఖం అక్కర్లేదట. ఈమధ్య అక్కడ మళ్ళీ ఎవరో డాక్టరు దగ్గరికి వెళుతున్నాడని మా అత్తయ్య చెప్పింది. నేను అడగలేదు. అడిగితే ఎందుకు అడిగానని అడుగుతాడు.

ఆయన సామాను సర్దుకుంటున్న రోజు మధ్యాహ్నం బోటనీ మేడమ్ నన్ను మా వీధి చివరున్న కాలేజీ గేటు దగ్గరికి పిలిపించింది. నిశ్చితార్థం చీర, ఉంగరం సంచీలో పెట్టి ఇచ్చింది. నేను ఏదో క్షమాపణలాంటిది మొదలుపెట్టబోయాను.

"వద్దులెండి. మీ బావ మీద నాకు కోపం లేదు. విసుగుంది, అది తగ్గుతుంది. ఒక్కటే అడగాలని పిలిచా. ఆయన నన్ను ఎప్పుడైనా చూశారంటారా?"

"రోజూ చూసేవాడు కదండీ. ఒకే స్టాఫ్‌రూమ్."

"నా చూపు ఎటు పోతోందో చూసేవారు. నన్ను చూశారా అని."

సంచీ పట్టుకుని ఇంటికొచ్చాను. మా బావ పుస్తకాలు అట్టపెట్టెలో పేరుస్తున్నాడు. సంచీ మంచం మీద పెట్టి, ముందూ వెనకా లేకుండా అడిగాను.

"బావా, ఆవిడ పుడక ఏ వైపు పెట్టుకునేది?"

చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు అడుగు, చెప్తా" అన్నాడు. "ఎడమ కన్ను కొంచెం చిన్నది. మాట మొదలెట్టే ముందు ఒకసారి కిందికి చూస్తుంది. అబద్ధం చెప్పేటప్పుడు రెప్ప వెయ్యదు."

"ముక్కు అడిగా."

చాలాసేపు వెతుక్కున్నాడు. లెక్కలో ఎక్కడ తప్పు వచ్చిందో తెలియక మొదటికి వెళ్ళిన కుర్రాడిలా, నుదురు ముడేసుకుని.

"చూడలేదురా" అన్నాడు. "ఎట్లా ఉంటుంది?"

"నన్నడుగుతావేంటి బావా? ఆవిడింకా గేటు దగ్గరే ఉంది. ఆటో కోసం చూస్తోంది. వెళ్ళి చూడు."

పుస్తకం కింద పెట్టాడు. చెప్పులేసుకున్నాడు. నిజంగానే బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు రెక్క పట్టుకుని ఆగిపోయాడు.

"నేను వెళ్ళి అట్లా ముక్కు వైపు చూస్తుంటే," అన్నాడు, "ఆవిడేమనుకుంటుందిరా?"